అగ్గిపెట్టె నుంచి రక్తనిధి దాకా: బాధ్యతా చట్టాలు

కోవిల్‌పట్టి (తూత్తుకుడి జిల్లా) అగ్గిపెట్టెలకు, విరుదునగర్ జిల్లాలోని శివకాశి బాణసంచాకు ప్రసిద్ధి.

అగ్గిపెట్టె పక్కన గోధుమరంగు పట్టీలో ఉండేది ఎర్ర భాస్వరం; పుల్ల తలలో పొటాషియం క్లోరేట్. కార్మికుల దవడ ఎముకను కుళ్లబెట్టే తెల్ల భాస్వరాన్ని అగ్గిపుల్లల్లో వాడటాన్ని బెర్న్ ఒప్పందం (1906) నిషేధించింది. భారత్‌లో ఈ నిషేధ చట్టం 1913లో వచ్చింది. పరీక్షల్లో ఈ రెండు సంవత్సరాలను తారుమారు చేసి అడుగుతారు.

అర్జున్ గోపాల్ కేసు (23 అక్టోబరు 2018): బేరియం లవణాలు, టపాకాయల జడలపై సుప్రీంకోర్టు నిషేధం. ఆకుపచ్చ వెలుగునిచ్చేది బేరియమే. 'గ్రీన్ క్రాకర్స్' మాత్రం రంగును బట్టి వచ్చిన పేరు కాదు.

అచ్చంకుళం బాణసంచా కర్మాగారంలో పేలుడు (12 ఫిబ్రవరి 2021): మృతుల కుటుంబాలకు రూ.20 లక్షల చొప్పున ఇవ్వాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశం. ట్రైబ్యునల్ చట్టం 2010, సెక్షన్ 17: ప్రమాదాల్లో తప్పు నిరూపణ అక్కర్లేదు. సంపూర్ణ బాధ్యత సూత్రం మాత్రం ఓలియం వాయువు కేసుది (ఎం.సి.మెహతా).

పరిహారం వైద్య నిర్లక్ష్యానికీ వర్తిస్తుంది. సాత్తూరు, 2018: ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి హెచ్‌ఐవీ సోకిన రక్తం ఎక్కించారు. 2019లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం రూ.25 లక్షల పరిహారం ప్రకటించింది.

వైద్యసేవ వినియోగదారుల చట్టం కిందికి వస్తుంది: వి.పి.శాంత కేసు, 1995. నేర బాధ్యతకు 'తీవ్ర నిర్లక్ష్యం' ఉండాలి: జాకబ్ మాథ్యూ, 2005. భారతీయ న్యాయ సంహిత 106(1): నిర్లక్ష్యంతో మరణానికి గరిష్ఠంగా ఐదేళ్లు, చికిత్స చేసే నమోదిత వైద్యులకు రెండేళ్లు. తప్పక అడిగే తేడా.

రాజ్యాంగంలో అధికరణ 47 ప్రజారోగ్యం. 48ఎ, 51ఎ(జి) పర్యావరణం (42వ సవరణ, 1976).