డొల్ల గోడకు బరువైన పరదా

గోడ అనగానే మన ప్రాంతము వారికి స్ఫురించేది రాయి, ఇటుక, సున్నము. చంద్రగిరి రాజమహలును చూచిన విద్యార్థులకు ఈ మాట వివరించ నక్కరలేదు. కలప లేకుండ రాతితో, ఇటుకతో, గచ్చుతో నిలిపిన కట్టడమది. అట్టి గోడలో మేకు దిగడమే కష్టము, దిగినది ఊడి రావడము మరింత కష్టము. నేడు కార్యాలయాలలో, దుకాణాలలో, ఒక పెద్ద గదిని రెండుగా విభజించే చోట్ల కనిపించే జిప్సం బోర్డు గోడ స్వభావము వేరు. తట్టి చూస్తే డొల్ల శబ్దము వినిపిస్తుంది. పైకి సున్నపు గోడవలెనే కనిపించడము వలన, దానికి కూడ పాత పద్ధతిలోనే పరదా కడ్డీ బిగిస్తారు. అది ఊడిపడే వేళకు దాని క్రింద ఎవరు కూర్చుని ఉంటారో చెప్పలేము గనుక ఈ విషయము కొంత శ్రద్ధగా తెలుసుకోదగినది.

కాగితపు పొరల నడుమ ప్లాస్టరు పరచిన పలకకు అమెరికాలో ఆగస్టీన్ సాకెట్ 1894లో పేటెంటు పొందాడు. నేటి బోర్డు దాని సంతతియే. రెండు దళసరి కాగితాల నడుమ జిప్సం. మందము సాధారణముగా 12.5 మిల్లీమీటర్లు. దాని వెనుక సుమారు 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పలుచని ఉక్కు పట్టీలు నిలువుగా ఉంటాయి. బోర్డు చర్మమైతే పట్టీ ఎముక. బరువు ఎముకపై పడవలెను.

మనవారు ప్రతి గోడకు రాల్‌ప్లగ్గునే నమ్ముతారు. లండనులో రాలింగ్స్ 1911 ప్రాంతములో దీనిని రూపొందించినది గట్టి గోడల కొరకు. 1958లో జర్మనీలో ఆర్టర్ ఫిషర్ చేసిన నైలాను ప్లగ్గు సూత్రమూ అదే: స్క్రూ దిగేకొద్దీ ప్లగ్గు ఉబ్బి చుట్టూ ఉన్న ఇటుకను ఒత్తిపట్టుతుంది. బోర్డులో ఒత్తిపట్టడానికి ఏమున్నది? జిప్సం పిండి రాలి రంధ్రము పెద్దదవుతుంది.

ఇక బరువు లెక్క చూతము. ఆరడుగుల కిటికీకి కుచ్చులతో కలిపి 3.6 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల పొడవు గుడ్డ కావలెను. అనగా దాదాపు 8 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 400 గ్రాముల గుడ్డయితే 3 కిలోల పైన. అస్తరు, కడ్డీ, రింగులు కలిస్తే 7 కిలోలనుకొనవచ్చును. (పరదా, అస్తరు, మన శ్రీకాళహస్తి కలంకారీ, ఈ మూడు మాటలూ పారసీకము నుండి వచ్చి తెలుగైనవే.) రెండు బ్రాకెట్లకు చెరి మూడున్నర కిలోలు. ఇది స్వల్పమనిపించును. కాని కడ్డీ గోడకు 9 సెంటీమీటర్ల దూరములో ఉండి, బ్రాకెట్టు పై స్క్రూ దాని అడుగు అంచునకు 6 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న యెడల, ఆ స్క్రూను బయటకు లాగే బలము ఒకటిన్నర రెట్లు, అనగా అయిదు కిలోల పైన. ఒక బాలుడు పరదా పట్టుకొని వ్రేలాడి, ఒక బ్రాకెట్టుపై 20 కిలోల భారము మోపితే, ఆ లాగుడు మరి 30 కిలోలు పెరుగుతుంది. పరదాను రోజుకు రెండుసార్లు లాగుతాము, విసురుగా లాగుతాము.

కావున ముందు పట్టీలను కనుగొనవలెను. చిన్న అయస్కాంతమును గోడపై జరిపితే, పుట్టీ క్రింద బోర్డును బిగించిన స్క్రూల వద్ద అది అంటుకొంటుంది. అట్టి చోట్లు ఒకే నిలువు వరుసలో దొరికితే అదే పట్టీ. అయితే పట్టీలు మన బ్రాకెట్లకు కావలసిన చోట అరుదుగా ఉంటాయి. అట్టి యెడల ఒక పొడవాటి కొయ్య పలకను రసమట్టముతో సరిచూచి, కిటికీపై అడ్డముగా పెట్టి, దొరికిన ప్రతి పట్టీలోనికి లోహపు స్క్రూలతో బిగించి, గోడ రంగే పూసి, బ్రాకెట్లను ఆ పలకకే బిగించడము మేలు. అందము కొంత తగ్గుతుందని కొందరంటారు. నాకు అది లోపముగా తోచదు. గోడ ఇంకను కట్టనిదైతే, బోర్డు మూయక ముందే వెనుక ప్లైవుడ్డు పట్టీ పెట్టించుకొనుట అన్నిటికంటె సులువు.

బోర్డు వెనుక రెక్కలు విప్పుకొనే బోల్టులు కూడ దొరుకుతాయి. తేలిక తెరలకు చాలును. వాటి డబ్బాపై వ్రాసిన బరువు గట్టి, పొడి బోర్డుకే వర్తిస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలలలో. కిటికీ అంచులలో నీరు దిగి మెత్తబడిన బోర్డుకు ఏ బోల్టూ నిలువదు. ముందు ఆ బోర్డును మార్పించవలెను.

డ్రిల్లు పట్టే ముందు మెయిన్ స్విచ్చి ఆపవలెను. స్విచ్చి బోర్డుకు నేరుగా పైన తీగలుంటాయి. బిగించిన తరువాత, గుడ్డ వ్రేలాడదీయక ముందే, కడ్డీని రెండు చేతులతో క్రిందికి, పిదప ముందుకు లాగి చూడవలెను. బ్రాకెట్టు వెనుక వెంట్రుక వాసి సందు కనిపించినా విప్పి మరల బిగించవలసినదే.