రెండు ఫిడేళ్లు పెట్టుకో

వెస్ట్ మారేడ్‌పల్లి,
సికింద్రాబాద్.

అమ్మలూ,

ఫోన్‌లో నువ్వడిగింది రాత్రంతా బుర్రలో తిరిగింది. బ్యాండులో చేరితే కచేరీలకు దూరమవుతానా అని కదూ? మీ గురువుగారు అలిగారన్నావు. అలగనీ, ఆయన దిద్దిన చెయ్యి గదా. వెళ్లి ఎదురుగా కూర్చుని ఓ వర్ణం వాయించు, చల్లబడతారు. అయినా ఫిడేలుకు మడి ఎక్కడిది? బాలుస్వామి దీక్షితులు తెల్లవాళ్ల వాద్యం నేర్చుకుని తెస్తేనే గదా అది మన కచేరీలోకి వచ్చింది!

బ్యాండులో చేరు. కానీ పక్కవాద్యం మానకు. నా మాటల్లో ఇదొక్కటే గట్టిగా పట్టుకో. అది ఎంత దూరం తీసుకెళ్తుందో చూడు. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు గారికి 1941లో దక్కిన సంగీత కళానిధి బిరుదు, 75 ఏళ్ల తర్వాత, 2016లో విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారి గారికి వచ్చింది. ఫిడేలు వాయించే ఆడవాళ్లలో అది అందుకున్న మొదటివారు ఆవిడే. ఆవిడ ఎం.ఎల్. వసంతకుమారి గారి పక్కన ఏళ్ల తరబడి కూర్చున్నారు. గాయని ఏ సంగతి వేస్తారో ముందు తెలీదు. గొంతు కదిలిన వెంటనే కమాను కదలాలి, గొంతు ఆగితే మన తీగ మోగుతూ మిగలకూడదు. అలా సానపట్టిన చెవితోనే తర్వాత కద్రి గోపాల్‌నాథ్ గారి శాక్సఫోన్‌తో జోడీ కట్టారు. బ్యాండులో గిటారు పక్కన నిలబడ్డా నీకు కావలసింది ఆ చెవే.

నిలబడి వాయిస్తే గమకం చచ్చిపోతోందన్నావు. చావదూ మరి? కూర్చున్నప్పుడు ఫిడేలు తల కుడికాలి చీలమండ మీద ఆనుతుంది, ఎడంచేతికి బరువుండదు, ఇష్టమొచ్చినట్టు జారుతుంది. నిలబడగానే ఆ చెయ్యే మోతకూలీ అవుతోంది. రోజూ పది నిమిషాలు గడ్డంతో, భుజంతోనే పట్టుకుని ఎడంచెయ్యి గాల్లో ఊపు. ఫిడేలు కదలకుండా నిలిచాక తోడి గాంధారం ఎత్తుకో.

ఫిడేళ్లు రెండు పెట్టుకో. ఒకటి మన స-ప-స-పకి, ఇంకోటి వాళ్ల జి-డి-ఎ-ఇకి. ఒకేదాన్ని పొద్దున దించి సాయంత్రం బిగిస్తే తీగలూ నిలవవు, వేళ్లూ దారి తప్పుతాయి.

స్టాఫ్ నొటేషన్ కూడా నేర్చుకో. నేను నేర్చుకోలేదు. కుర్రతనంలో మద్రాసులో ఓ రికార్డింగ్ థియేటర్‌కి వెళ్లాను. ముందు పెట్టిన కాగితం మీద చీమలబారు. పక్కవాడి కమాను చూస్తూ అరదెబ్బ ఆలస్యంగా అందుకున్నాను. అప్పట్లో అందరూ ఒకేసారి వాయించాలి, ఒకడు తప్పితే మొత్తం మళ్లీ మొదటికి. ముప్ఫై మంది నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ వీపు మీదే ఉంది. బస్సు ఖర్చులిచ్చి పంపారు. మళ్లీ పిలవలేదు.

డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను, నువ్వు ఎత్తకు.

వచ్చే ఆదివారం రా. నా పాత ఫిడేలుకి కొత్త తీగలు వేయించాను, అది నీకే. వచ్చేటప్పుడు రోజిన్ బిళ్ల ఒకటి పట్టుకురా, నాది పొడైపోయింది.

నీ పెదనాన్న