బయలుదేరకముందే తేల్చుకోవాల్సినవి

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రోడ్డు మీద దాదాపు 570 కిలోమీటర్లు. కర్నూలు, అనంతపురం, పెనుకొండ, బాగేపల్లి, చిక్కబళ్ళాపురం దాటుకుని హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కడం ఒక ఎత్తు, అక్కణ్ణుంచి బళేపేట చేరడం ఒక ఎత్తు. 44వ నంబరు జాతీయ రహదారి మీద చెయ్యాల్సింది తక్కువే. అద్దాలు చూసుకోవడం, లారీలను దాటుకోవడం, టోల్‌గేటు దగ్గర ఆగడం. బుర్రకు పని పడేది ఊరు మొదలయ్యాకే. తీరా అప్పటికి ఒంట్లో ఓపిక అడుగంటి ఉంటుంది. మనిషి దగ్గర ఏమీ మిగలని వేళకే రోడ్డు అన్నీ అడగడం మొదలుపెడుతుంది.

బళేపేట పాత బెంగళూరు పేటలో ఒక ముక్క. 1537లో కెంపేగౌడ పునాది వేసిన ఊరు అది. ఎద్దుబండ్ల కాలం నాటి వీధులు కొలతలు మార్చుకోకుండానే కార్ల కాలంలోకి వచ్చేశాయి. ఒక పక్క పట్టుచీరల కొట్లు, ఇంకో పక్క వీణలు, తబలాలు, హార్మోనియంలు అమ్మే అంగళ్ళు. మధ్యలో తోపుడుబండ్లు, గూడ్స్ ఆటోలు, నెత్తిన మూటతో అడ్డంగా నడిచొచ్చే హమాలీ. హిందూపురం, కదిరి, మదనపల్లె, అనంతపురం వైపు పెళ్ళి కుదిరిందంటే చీరలకు ఇక్కడికీ, పక్కనున్న చిక్కపేటకూ రావడం పాత అలవాటే. ఇంటిల్లిపాదీ ఒకే కారులో వస్తారు, నడిపేది మాత్రం ఒక్కరే.

ఆ కారులో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముందు సీట్లో భార్య ఫోను పట్టుకుని దారి చెబుతుంటుంది. పేట వీధుల్లో మ్యాపును పూర్తిగా నమ్మడానికి లేదు. ఉపగ్రహం నుంచి వచ్చే సంకేతం ఎత్తు మేడల గోడలకు తగిలి ఆలస్యంగా ఫోనుకు చేరుతుంది, దాంతో మనమున్న చోటు లెక్క తప్పుతుంది. తెర మీద నీలం చుక్క పక్క సందులోకి గెంతుతుంది.

"ఏమండీ, ఇది వన్‌వేలా ఉంది."

"నాకు తెలుసులే."

"ఎవర్నైనా అడుగుదామా?"

"అక్కర్లేదన్నానా!"

వెనక సీట్లోంచి అత్తయ్య, "ఎందుకురా దానిమీద అరుస్తావు?" అంటుంది. ఈలోగా ఎదురుగా ఒక ఆటో, వెనక రెండు స్కూటర్లు, నాలుగు హారన్లు. చివరికి చీరల కొట్లో కుర్రాడు మెట్లు దిగొచ్చి, "అన్నా, ఇట్ల పోయేకి లేదు, రివర్స్ తీస్కోండి, నేను చూస్తా" అని తెలుగులోనే చెప్పి, బంపరు మీద అరచేత్తో తట్టుతూ కారును వెనక్కి నడిపిస్తాడు. రెండు నిమిషాల పని. అది అడగడానికి ఆయనకు అరగంట పట్టింది.

ఆయన చెడ్డవాడని కాదు. పొద్దున బయలుదేరేటప్పుడు ఇదే మనిషి నవ్వుతూ డిక్కీ సర్దాడు. అలసట ముందు ఓర్పును తినేస్తుంది, తర్వాత వివేకం వంతు. తనకేం కాలేదన్న నమ్మకాన్ని మాత్రం ముట్టుకోదు. అలసిన మనసు తన అలసటను తాను కొలుచుకోలేదు, ఎందుకంటే కొలవాల్సిందీ ఆ మనసే. "నేను బాగానే ఉన్నాను" అని డ్రైవరు గట్టిగా అన్నాడంటే నాకైతే ఆ గట్టిదనం మీదే అనుమానం.

దీనికి లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో విలియంసన్, ఫేయర్ అనే పరిశోధకులు 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. నిద్ర లేచి 17 నుంచి 19 గంటలు గడిచిన మనిషికి కొన్ని పరీక్షలు పెడితే, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగానో అంతకంటే అధ్వానంగానో చేశాడు. మన చట్టం డ్రైవరుకు అనుమతించే హద్దు 0.03 శాతమే. ఇప్పుడు అనంతపురం పెళ్ళివారి దినచర్య చూడండి. తెల్లవారి నాలుగింటికి లేస్తారు. పదింటికల్లా కొట్లో కూర్చుంటారు. పగలంతా మెట్లెక్కి దిగి, చీరలు విప్పించి మడిపించి, రాత్రి తొమ్మిదింటికి మూటలన్నీ డిక్కీలో వేసుకుని "రెండొందల కిలోమీటర్లే కదా, పోతూ మాట్లాడుకుందాం" అంటారు. నాలుగు నుంచి తొమ్మిది దాకా పదిహేడు గంటలు. ఆయన చుక్క ముట్టి ఉండడు. అయినా హెబ్బాళ దాటేసరికి ఆయన చేతులూ కళ్ళూ తాగి నడిపేవాడి స్థితికి దగ్గరపడతాయి. దీన్ని పట్టుకునే యంత్రం ఏ పోలీసు దగ్గరా లేదు.

గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటేస్తుంది. మూడు సెకన్లు రెప్ప వాలితే ఎనభై మీటర్లకు పైగా రోడ్డును ఎవరూ చూడనట్టే. అద్దం దించడం, పాటలు పెంచడం, మొహాన నీళ్ళు కొట్టుకోవడం కొద్ది నిమిషాలకే పనికొస్తాయి. కాఫీ నయం, కానీ కెఫీన్ ఒంటికి పట్టడానికి సుమారు అరగంట కావాలి. అందుకే కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీస్తే, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అదీ తాత్కాలికమే. నిద్రకు మందు నిద్రే.

వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో పట్టుదలకు పెద్దపీట. రోడ్డు మీద ఆ గుణానికి నేను మార్కులు వెయ్యను. "ఎలాగైనా రాత్రికే ఇల్లు చేరాలి" అన్న పట్టు చదువులోనో వ్యాపారంలోనో మనిషిని పైకి తెచ్చిందేమో, పెనుకొండ దగ్గర తెల్లవారి మూడింటికి అదే ప్రమాదం. ఆ గంటల్లో నిద్రపొమ్మని ఒళ్ళే చెబుతుంది. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. ఈ అంకె వేసింది కేంద్ర రవాణా శాఖ.

కాబట్టి సంకల్పబలం చూపించాల్సింది రోడ్డు మీద కాదు, ముందురోజు సాయంత్రం ఇంట్లో. ఎక్కడ ఆగాలి, ఎన్నింటి తర్వాత స్టీరింగు ముట్టకూడదు, రాత్రి అక్కడే ఉండాల్సొస్తే ఎక్కడ అన్నవి తాజా బుర్రతో తేల్చుకోవాలి. అలసిన బుర్రకు వాటిని మార్చే అధికారం ఇవ్వకూడదు. ఇంట్లో అందరి ముందూ చెబితే మరీ మంచిది. "తొమ్మిది దాటితే నడపనన్నావు కదరా" అని అమ్మ అనగలిగితే చాలు.

కారును పేటలోకి తీసుకెళ్ళడమా మానడమా అన్నదీ అప్పుడే తేలాలి. మానడమే మేలు. బెంగళూరు మెట్రో ఆకుపచ్చ మార్గంలో చిక్కపేట స్టేషన్ 2017 నుంచి ఉంది, దిగి కాస్త నడిస్తే బళేపేట. పార్కింగు ఉన్న ఏదో ఒక స్టేషన్‌లో కారు వదిలేస్తే వన్‌వేల బెడద ఉండదు. కోలారు వైపు నుంచి వచ్చేవాళ్ళు ఊదారంగు మార్గం ఎక్కి మెజెస్టిక్‌లో మారితే తర్వాతి స్టేషన్ చిక్కపేటే. మూటలు మోసుకోవాలే అన్న బాధ నిజమే, ఆటోవాడికిచ్చే డబ్బుతో అది తీరుతుంది.

కారే కావాలంటే ముందురోజు కాసేపు మ్యాపు చూసి నాలుగు దిక్కులైనా మనసులో పెట్టుకోవాలి. ఉత్తరాన కెంపేగౌడ రోడ్డు, తూర్పున అవెన్యూ రోడ్డు, దక్షిణాన కె.ఆర్. మార్కెట్, పడమర కాటన్‌పేట. లండన్‌లో టాక్సీ లైసెన్సు కావాలంటే చేరింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ళలో ఉన్న సుమారు 25,000 వీధులు నోటికి రావాలి. అలా నేర్చినవాళ్ళ మెదడులో దారుల జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్ వెనక భాగం పెద్దదిగా ఉందని 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం చూపించింది. మ్యాపు చెప్పినట్టు మలుపు తిరిగేవాళ్ళలో ఆ భాగం దారి వెతికే పనిలోకి దిగడం లేదని 2017లో ఇంకో లండన్ బృందం తేల్చింది. మనకు పాతికవేలు అక్కర్లేదు. నాలుగు చాలు, ఫోను తికమకపడ్డప్పుడు మనమూ పడకుండా. దారి అడిగే బాధ్యత కూడా నడిపేవాడికి కాకుండా పక్కవాళ్ళకు ఇచ్చెయ్యాలి. పేటలో తెలుగు తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు.

అద్దె కారు మాట్లాడుకున్నవాళ్ళు ఇవన్నీ తమకు పట్టవనుకుంటారు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదు గంటలు పనిచేసిన డ్రైవరుకు అరగంట విరామం ఇవ్వాలంది, మామూలుగా రోజుకు ఎనిమిది గంటలే పని అంది. కానీ అది అయిదుగురు, ఆపై పనివాళ్ళున్న సంస్థల కోసం రాసింది. ఊళ్ళో సొంత బండి నడుపుకునే కుర్రాడికి ఆ రక్షణ లేదు. "పగలంతా ఖాళీగానే ఉన్నాడు కదా" అంటారు అతని గురించి. ఖాళీగా ఎక్కడున్నాడు? పోలీసు వచ్చినప్పుడల్లా బండి జరుపుతూ, ఎండలో సీటు వెనక్కి వాల్చి, ఫోను ఎప్పుడు మోగుతుందోనని సగం చెవి తెరిచి పెట్టుకుని ఉన్నాడు. దాన్ని నిద్ర అనరు. బయానా ఇచ్చేటప్పుడు కిలోమీటరుకు ఎంతని అడుగుతాం. నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు బాబూ అని కూడా అడగాలి. తిరుగు ప్రయాణం మర్నాటికి పెట్టుకుంటే మెజెస్టిక్ లాడ్జిలో మన గదులతో పాటు అతనికీ ఒక మంచం చెప్పాలి, ఆ డబ్బు పెళ్ళి ఖర్చులోనే రాసుకోవాలి.