పాముపొడ తెగులునకు మట్టిలోని మందు

ఆరుద్ర కార్తె ప్రవేశించి, ఏలేరు నీటిక్రింది పెద్దాపురపు పల్లములలో ఆకుమళ్ళు సిద్ధమగుచున్న ఈ తరుణమున, కర్షకులు విత్తనమును, ఎరువును, కూలిని గూర్చి ఆలోచించుచునే, మఖ, పుబ్బ కార్తెలలో తమ వరిచేలను పట్టబోవు పాముపొడ తెగులును గూర్చియు ఆలోచింపవలసియున్నది. ఏలయన దాని నిరోధము విత్తు నానునాడే ఆరంభము కావలెను గాని, దుబ్బులపై పొడలు కనిపించిన పిమ్మట కాదు.

ఈ వ్యాధికి మూలము రైజోక్టోనియా సొలానీ అను శిలీంధ్రము. ఇది గోధుమవన్నె గట్టి గుళికల రూపమున మట్టిలోను, మోళ్ళలోను నిలిచియుండి, దమ్ము చేయునపుడు నీటిపై తేలి, గట్టులవెంబడి చేరి, పైరు పిలక వేయు దశలో నీటిమట్టముకడ ఆకుతొడుగులను పట్టి పైకి ప్రాకును. యూరియా మితిమీరి దట్టముగ పెరిగిన చేలయందు, అందును మార్టేరు వరి పరిశోధనా కేంద్రమునుండి 1982లో వెలువడిన స్వర్ణ వంటి రకములయందు, ఇది మిక్కిలి విజృంభించును.

ఇట్టి శత్రువునకు ఆ మట్టియందే ప్రత్యర్థి కలదు. సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అను సూక్ష్మజీవి వేళ్ళచుట్టు స్థిరపడి, శిలీంధ్రమునకు అవసరమగు ఇనుమును తానే హరించి, దానికి విషములగు పదార్థములను స్రవించి, మొక్కయొక్క సహజ నిరోధశక్తిని సైతము మేల్కొల్పును.

కిలో విత్తనమునకు 10 గ్రాముల సూడోమోనాస్ పొడిని నీట కలిపి, అందు గింజలను రాత్రియంతయు నాననిచ్చి, పిమ్మట మండె కట్టవలెను. ఊడ్పులనాడు నారువేళ్ళను ఆ పొడి కలిపిన నీటిలో అరగంట ఉంచుట మేలు. నాటిన నెలకు, ఎకరమునకు కిలో పొడిని 20 కిలోల చివికిన పశువుల ఎరువుతో కలిపి, తడి ఆరని మడిలో చల్లవలెను. నలువదియైదవ దినము మొదలు, లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, సాయంవేళ దుబ్బుల మొదళ్ళు తడియునట్లు పిచికారి చేయవచ్చును.

ఇది సజీవ పదార్థమగుటచే, గడువు చూచి కొని, నీడన దాచవలెను. శిలీంధ్రనాశకములతోగాని, స్ట్రెప్టోసైక్లిన్ వంటి బాక్టీరియానాశకములతోగాని కలుపరాదు. గట్టులపై గడ్డి తీసివేయుట, దమ్మునాడు మూలల చేరిన తెట్టును ఎత్తివేయుట, నత్రజనిని దఫదఫాలుగ వేయుట మానినచో ఈ సూక్ష్మజీవి ఒంటరిగ చేయగలిగినది స్వల్పము.

ఇంతచేసినను పొడలు పైయాకులకు ప్రాకినచో, లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల వాలిడామైసిన్ చల్లవలెను. జపాను శాస్త్రజ్ఞులు 1970 ప్రాంతమున వెలికితీసిన ఈ మందు సైతము స్ట్రెప్టోమైసిస్ అను మట్టి బాక్టీరియానుండి పుట్టినదే. శిలీంధ్రమును చంపక, దాని పోగులు వ్యాపింపకుండ నిలిపివేయుట దీని విశేషము.

తొలియేట పొలమంతట చేయ సందేహించువారు ఒక మడియందు ఈ పద్ధతిని పాటించి, ప్రక్కమడిని ఎప్పటివలెనే విడిచి, వెన్ను తీయునాటికి రెండింటి దుబ్బులను విప్పి సరిచూచుకొని, రాబోవు సార్వాకు తామే నిర్ణయించుకొందురు గాక.