చదువుచు సంపాదించు విద్యార్థి విధులు

విద్యార్థులారా! ఉన్నత పాఠశాల విడిచి కళాశాలలో చేరిన పిమ్మట మీలో కొందరు అచ్చటనే చిన్న కొలువు చేసి, చదువు ఖర్చులో కొంత తామే సంపాదించుకొనవచ్చును. ఇది మన మహారాష్ట్రమునకు క్రొత్త కాదు. కర్మవీర భావురావ్ పాటిల్ 1919లో రయత్ శిక్షణ సంస్థను స్థాపించెను. స్వావలంబనమే దానికి మూలసూత్రము. 1947లో ఆయన సతారాలో నెలకొల్పిన ఛత్రపతి శివాజీ కళాశాలలో పేద విద్యార్థులు శ్రమించుచు చదువుకొనిరి. నేడు పుణె విశ్వవిద్యాలయమందలి 'కమవా వ శికా', అనగా 'సంపాదించుచు నేర్చుకొనుము' అను పథకము ఆయన పేరనే నడచుచున్నది.

గ్రంథాలయములో పుస్తకములు సర్దుట, కార్యాలయములో కాగితములు వరుసపెట్టుట, ప్రయోగశాలలో గాజుపాత్రలు కడుగుట చూచుటకు చిన్న పనులే. కాని చోటు తప్పిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము. పరీక్ష ముందు దానికై వచ్చిన మరియొక పేద విద్యార్థి వట్టిచేతులతో మరలిపోవును. మీ అజాగ్రత్త ఫలము ననుభవించువాడు మీ సహాధ్యాయియే.

కావున ఈ నియమములను పాటింపుడు. చెప్పిన వేళకు ముందే పనికి చేరవలెను. రాలేనిచో ముందుగా తెలుపవలెను. వచ్చిన వేళ, పోయిన వేళ హాజరుపట్టీలో ఉన్నదున్నట్లు వ్రాయవలెను. రాని మిత్రునికై సంతకము చేయుట స్నేహము కాదు. చేయని పనికి కూలి తీసికొనుటయే. కార్యాలయములో కంటబడిన ఒకరి మార్కులు, మరియొకరి ఫీజు బాకీలు వసతిగృహములో ముచ్చటింపరాదు. పని లేని వేళ చదువుకొనవలెనన్న అధికారి అనుమతి పొందవలెను. మీ తరగతి వేళలను, పరీక్ష తేదీలను మొదటి దినముననే ఆయనకు వినయముతో తెలుపుడు. కొలువు చదువు కొరకే గాని చదువు కొలువు కొరకు గాదు.

మన పిల్లలు విశేషముగా గమనింపవలసినది మరియొకటి కలదు. మనకు ఇంట తెలుగు, బడిలో తెలుగు. అచ్చట అధికారి మరాఠీలోనో ఆంగ్లములోనో ఆజ్ఞాపించును. నవ్వుదురేమో యను భయముతో, అర్థము కాకున్నను తలయూపుట మనకు అలవాటు. ఇది పెద్ద ప్రమాదము. తెగిన పోగును చూడనట్లు నేత సాగించిన బట్ట యేమగునో సోలాపురమందలి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. అర్థము కానిచో వెంటనే అడుగుడు. విన్నదానిని మీ మాటలలో తిరిగి చెప్పి, సరియేనా యని నిర్ధారించుకొనుడు. ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనుడు. అడిగినపుడు కలుగు సిగ్గు క్షణకాలము. అడుగక చేసిన తప్పును దిద్దుటకు దినములు పట్టును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. పెండ్లికో పండుగకో బిడ్డను పిలిపింపదలచినచో, అతడు సెలవు కోరుటకు తగిన వ్యవధి యిండు. బిడ్డ పుస్తకములు సర్దుచున్నాడని, తోటకు నీరు పెట్టుచున్నాడని బంధువులలో చిన్నబోకుడు. తన ఫీజును తాను చెల్లించుకొను విద్యార్థికి తలవంపు లేదు.