వ్యాధికి కారణమేది? - బోదకాలు నేర్పిన పాఠము



కొన్ని సంవత్సరములకు పూర్వము ధనుర్మాసమున మొగల్తూరులో ఒక కోవెలయందు తిరుప్పావై ప్రవచనము చేయుచుంటిని. గోష్ఠి ముగిసి తీర్థప్రసాదములు ఇచ్చుచుండగా, ఒక వృద్ధురాలు ధ్వజస్తంభమునకు ఇవతలనే నిలిచియుండుట గమనించితిని. ఆమె ఎడమకాలు మోకాలు మొదలు పాదము వరకు బోదకాలుచే లావెక్కియున్నది. దానిని చీర కుచ్చెళ్ళతో కప్పుకొనుచు ఆమె నన్ను అడిగినది: "స్వామీ, ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నానో, ఈ కాలు వచ్చిందండి. లోపలికి రావచ్చునాండి?"

రావచ్చుననియే చెప్పితిని. కాని అంతటితో ఆగక, పూర్వజన్మ పాపమే వ్యాధిరూపమున బాధించునని పాఠశాలలో నేర్చిన మాటను కూడ జోడించితిని. ఆమె తల వంచుకొని ప్రసాదము తీసికొని వెళ్ళినది. ఆ మాసమున మరల గోష్ఠికి రాలేదు. నేను చెప్పినది శాస్త్రములో లేని మాట కాదు. కాని శాస్త్రము చెప్పినదంతయు నేను చెప్పలేదు. ఆ లోపమును పూరించుకొనుటకే ఈ వ్యాసము.

శాస్త్రము చెప్పిన కారణములు

చరకసంహిత వ్యాధులకు మూడు మూలకారణములను పేర్కొన్నది. ఇంద్రియములకు సరిపడని విషయములతో సంబంధము మొదటిది. ప్రజ్ఞాపరాధము రెండవది, అనగా బుద్ధి, ధైర్యము, స్మృతి తప్పి, హితమని తెలిసినదానిని విడిచి అహితమును ఆచరించుట. కాలపరిణామము మూడవది. పూర్వకర్మమును దైవమనియు, ఇహమున చేయు ప్రయత్నమును పురుషకారమనియు చెప్పి, దుర్బలమైన దైవమును బలవత్తరమైన పురుషకారము జయించునని కూడ ఆ గ్రంథమే అంగీకరించినది. కర్మ ఉన్నదని చెప్పి ప్రయత్నమును మానుమన్న ఋషి లేడు.

మరియొక ప్రశ్న కలదు. మనుష్యుల కర్మలు వేరువేరు గదా, ఒకే ఊరిలో అందరికి ఒకే వ్యాధి ఏల వచ్చును? విమానస్థానమున అగ్నివేశునకు ఆత్రేయ మహర్షి దీనికి సమాధానమిచ్చెను. మనుష్యుల ప్రకృతులు వేరైనను, గాలి, నీరు, నేల, కాలము అను నాలుగును అందరికిని ఉమ్మడివి. ఇవి చెడినప్పుడు జనపదమంతయు రోగగ్రస్తమగును.

బోదకాలు ఇట్టి వ్యాధియే. శాస్త్రమున దీని పేరు శ్లీపదము. నిలువ నీరు అధికముగా ఉండి, అన్ని ఋతువులలోను చల్లగా ఉండు ప్రదేశములందు ఇది విశేషముగా పుట్టునని సుశ్రుతసంహిత చెప్పినది. ఆ మాట చదివినపుడు మన గోదావరి లంకలు, పల్లపు చేలు, ఇంటి వెనుక మురుగుగుంటలు కన్నులకు కట్టును. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఈ సీమకు అన్నము సమృద్ధిగా లభించినది. పారు నీటియందు దోషము లేదు. పారనీయక మనము నిలువయుంచిన మురుగునందే దోషమున్నది.

నేటి వైద్యము కనుగొన్నది

నిలువ నీటికిని కాలి వాపునకును గల సంబంధమును నేటి వైద్యము విశదము చేసినది. దారము వంటి సన్నని క్రిములు దేహములోని శోషరస నాళములలో చేరి సంవత్సరముల తరబడి జీవించును. వాటి పిల్లలు రాత్రివేళ రక్తములో సంచరించును. ఆ వేళ కుట్టిన దోమ వాటిని గ్రహించును. 1877లో చైనాలోని ఆమాయ్ రేవున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఈ క్రిమి దోమ శరీరములో పెరుగుట కనుగొనెను. దోమకాటు ద్వారానే అది మరల మనుష్యుని చేరునని 1900 ప్రాంతమున రుజువైనది. మన దేశమున దీనిని వ్యాపింపజేయునది ముఖ్యముగా క్యూలెక్సు జాతి దోమ. దాని పుట్టినిల్లు మురుగునీరు.

ఒకటి రెండు కాట్లతో ఈ వ్యాధి సాధారణముగా రాదు. మాసములు, సంవత్సరములు పదే పదే కుట్టినపుడు సంక్రమించును. నాళములు చెడి, మాటిమాటికి జ్వరము, గజ్జలలో బిళ్ళలు, పిదప వాపు కలుగును. పురుషులలో కొందరికి వరిబీజము కూడ వచ్చును.

ఇచట గమనింపవలసిన విషయమొకటి కలదు. కాలు బాగుగా వాచిన రోగి రక్తములో పలుమార్లు క్రిమి పిల్లలు కనబడవు. కాళ్ళు చక్కగా నున్నవాని రక్తములో అవి వేలకొలది ఉండవచ్చును. అట్టివాని నుండియే దోమ ఇతరులకు వ్యాధిని కొనిపోవును. స్పర్శ వలన ఇది ఎవరికిని రాదు. ఆనాడు ధ్వజస్తంభము వెలుపల నిలిచిన ఆ తల్లి వలన ఎవరికిని భయము లేదు. లోపల కూర్చున్న మాలో ఎవరి రక్తమున ఏమున్నదో ఎవరెరుగుదురు?

భీమవరపు బిడ్డ

ఈ వ్యాధికి మందు కనుగొన్న ఘనతలో మన సీమకు భాగమున్నది. మొగల్తూరునకు దాపుననే ఉన్న భీమవరమున 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావుగారు జన్మించిరి. యౌవనమున రామకృష్ణ మఠమున చేరదలచిన ఆయన, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, అచటి ఆయుర్వేద కళాశాలలో బోధించి, అమెరికా వెళ్ళిరి. సోదరులను గ్రహణీరోగము బలిగొన్న దుఃఖము ఆయనను పరిశోధనకు పురికొల్పినదని చెప్పుదురు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యవమున సహచరులు సాధించిన డైఇథైల్‌కార్బమజైన్ అను ఔషధము 1947లో వెల్లడియైనది. 1948లో ఆయన అమెరికాలోనే పరమపదించిరి. తాను మరల చూడలేకపోయిన గోదావరి సీమలో ఆ మందు నేటికిని వాడుకలో నున్నది.

1955లో భారత ప్రభుత్వము బోదకాలు నివారణ కార్యక్రమము ప్రారంభించినది. 2004 నుండి వ్యాధియున్న జిల్లాలలో సంవత్సరమున కొకసారి అందరికి ఈ మందునిచ్చు పద్ధతి వచ్చినది. "నాకు కాలు వాచలేదు, నాకెందులకు?" అని మాత్రలను పారవేయువారు కలరు. వాపు లేనివానిలోనే క్రిమి దాగియుండవచ్చును గనుక అందరును మ్రింగవలెను. రెండేండ్ల లోపు శిశువులకు, గర్భవతులకు, తీవ్రరోగులకు ఇది ఈయరాదు. బాగుగా ముదిరిన వాపును ఈ మందు తీసివేయలేదు. కాని ప్రతిదినము సబ్బుతో, శుభ్రమైన నీటితో కాలు కడిగి, వ్రేళ్ళ సందులు తడిలేకుండ తుడిచి, కూర్చున్నపుడు ఎత్తున పెట్టుకొని, పుండ్లకు మందు వ్రాసికొన్నచో జ్వరములు తగ్గి వ్యాధి ముదురకుండును. కాళ్ళు కడుగుకొననిదే గడప దాటని ఆచారము మనది. ఇది మనకు క్రొత్త నియమము కాదు.

ఆచార్యుల దృష్టాంతము

అంతర్వేది యాత్రకు పోవువారు నరసాపురమున ఎంబెరుమన్నారు కోవెలలో భగవద్రామానుజులను సేవింతురు. ఆ రామానుజులకు పరమాచార్యులైన ఆళవందారులు వ్రణబాధ ననుభవించిరని సంప్రదాయము చెప్పుచున్నది. వారి శిష్యులు మాఱనేరి నంబి, లోకము తక్కువగా ఎంచిన కులమున జన్మించిన మహాత్ములు. ఆయన ఆ వ్యాధిని తనకు ప్రసాదముగా అనుగ్రహింపుమని ఆచార్యుని ప్రార్థించి గ్రహించిరి. వారు పరమపదించినపుడు పెరియనంబిగారు స్వయముగా సంస్కారము చేసిరి. ఆళవందారుల వ్రణమును, మాఱనేరి నంబి వ్రణమును చూచి, ఇది వీరి పాపఫలమని పలుకగల నోరు ఏ శ్రీవైష్ణవునకు ఉండును? వారి వ్రణమునకు చెల్లని మాట వృద్ధురాలి కాలికి ఎట్లు చెల్లును?

కర్మసిద్ధాంతము అసత్యమని నా భావము కాదు. అది ఎవరికి వారు తమ నడతను దిద్దుకొనుటకు చూచుకొనవలసిన అద్దము. పరుల నొసట వ్రాత చదువుటకు మనకు అధికారము లేదు. రోగిని పాపి యనుట భాగవతాపచారము. పెరటి మురుగును తీయక, మరుగుదొడ్డి గాలిగొట్టమునకు వల కట్టక, ఇచ్చిన మాత్ర మ్రింగక, పొరుగువాని కాలిని చూచి పెదవి విరుచుటయే ప్రజ్ఞాపరాధము. ఆ అపరాధము నాటి దినమున నాది.

కనుక గృహస్థులు తమ ఇంటిచుట్టు నీరు నిలువకుండ చూచుకొనవలెను. రాత్రివేళ దోమతెర కట్టుకొనవలెను. ఔషధమును అమృతకలశధారియైన ధన్వంతరి ప్రసాదముగా స్వీకరింపవలెను. కోవెలకు వచ్చిన రోగికి ముందు వరుసలో పీట వేయవలెను. ఆ తల్లి ఈ పంక్తులను ఎవరిచేతనైనను చదివించుకొని విన్నచో, ఒక మాట మనవి చేసికొందును: అమ్మా, లోపలికి రండి. ఆనాడు మీకు చెప్పవలసినది ఈ ఒక్క మాటయే.