సంవత్సరము పొడుగున ఇంటికూర: పెరటితోట పెంచు విధానము

పది యెకరముల పట్టాదారుడు సైతము సంతలో తోటకూర కట్టలు కొనుట మన తెలంగాణ పల్లెలలో తరచుగ కానవచ్చును. పొలమున వరియు, ప్రత్తియు, మొక్కజొన్నయు పండును గాని పైకము ఏటికి ఒకటి రెండు పర్యాయములే చేతికి వచ్చును. అది విత్తనములకును, ఎరువులకును, అప్పులకును పోయిన పిమ్మట ఇంటి ఖర్చులలో మొట్టమొదట తగ్గునది సంతకూరయే. పచ్చడి మెతుకులతో పూట గడపుట పెద్దలకు అలవాటు కావచ్చును. దాని కీడు మాత్రము ఎదుగు పిల్లలును, గర్భిణులును, పాలిచ్చు తల్లులును అనుభవింతురు.

ఆహారమున ఏ విటమిను చాలని పిల్లలకు రేచీకటి కలుగును. లోపము ముదిరినచో చూపే పోవచ్చును. ఈ కారణముననే 1970లో భారత ప్రభుత్వము పిల్లలకు ఆ విటమిను మోతాదులిచ్చు కార్యక్రమమును ప్రారంభించెను. మోతాదు అవసరమే, కాని అది ఆకుకూరకు బదులు కానేరదు. మునగాకు, తోటకూర, పాలకూర, బొప్పాయి పండు మున్నగువానిలో ఈ విటమినునకు మూలమగు కెరోటిను కలదు. కూరలో కొంచెము నూనె యున్నగాని అది దేహమునకు చక్కగ పట్టదు.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనల ప్రకారము మనిషికి దినమునకు ఆకుకూరలతో కలిపి కూరలు 400 గ్రాములు కావలయును. అనగా ఐదుగురున్న ఇంటికి దినమునకు 2 కిలోలు. ఇందు చాల భాగమును 2 గుంటల పెరడు ఈయగలదు. గుంట యనగా 121 చదరపు గజములు, సుమారు 100 చదరపు మీటర్లు.

పెరళ్లు ఏల చెడుచున్నవి?

మృగశిరలో తొలివాన పడగనే ఉన్న విత్తనమంతయు ఒక్కనాడే చల్లుట మనవారి అలవాటు. భాద్రపదమున తినలేనన్ని బెండకాయలు కాయును. పిమ్మట పెరడు ఎండును. మరల సంతకు పోవలసి వచ్చును. పొలమును ఏటికొకసారి విత్తవచ్చును. పెరటిని వారము వారము విత్తవలయును. ఈ పత్రమునందు ముఖ్యముగ గ్రహింపవలసిన సంగతి ఇదియే.

ఆకుకూర మడులు

మూడు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు గల మడులు ఐదు కట్టవలయును. వెడల్పు ఇంతకు మించనిచో మడి త్రొక్కకయే ఇరుప్రక్కలనుండి చేయి అందును. వారమునకు ఒక మడి చొప్పున విత్తవలయును. తోటకూర 25 మొదలు 30 దినములలో కోతకు వచ్చును గనుక ఐదవ మడి విత్తునాటికి మొదటిది సిద్ధమగును. అది పెరికి, ఎరువు వేసి, మరల విత్తవలయును. చలికాలమున మెంతి, పాలకూర, కొత్తిమీరయు, వానకాలమున గోంగూరయు, ఎండకాలమున వేడికి ఓర్చు తోటకూరయు అనుకూలములు. నల్లరేగడిలో వానకాలపు మడులను ఎత్తుగ కట్టవలయును. లేనిచో వేళ్లు కుళ్లును.

కార్తెల వరుస

రోహిణిలో వంగ, మిరప నారు పోయవలయును. మృగశిరలో బెండ, గోరుచిక్కుడు, బీర, సొర, కాకర విత్తవలయును. బెండను మాత్రము మూడు భాగములు చేసి మూడు వారముల ఎడముతో విత్తుట మేలు. ఆరుద్ర, పునర్వసులలో నారు నాటి, కరివేప, బొప్పాయి మొక్కలను, మునగ కొమ్మలను పెట్టవలయును. పుష్యమి, ఆశ్లేషలలో పందిరి చిక్కుడు విత్తవలయును. నాటు చిక్కుడు పగలు తగ్గిననే పూయును గనుక ముందు విత్తినను తీగ పెరుగునే గాని కాయ ముందుగ రాదు. ఉత్తరలో టమాట నారు పోసి, చిత్తలో నాటి, ముల్లంగి విత్తవలయును. మాఘమాసమున నీటి వసతి కొలది బీర, సొర, దోస మరల విత్తవలయును.

మే నుండి జూలై వరకు పాత పంట ఎండి, క్రొత్తది అందకుండును. ఈ వెలితికి మునగాకు, తీగబచ్చలి, చేమాకు, చింతచిగురు, నిలువయున్న గుమ్మడి ఆదుకొనును. చలికాలమున మిగిలిన వంకాయ, గోరుచిక్కుళ్లను ఒరుగులుగ ఎండబెట్టినచో అవియు అక్కరకు వచ్చును.

నీరు

ఐదుగురి స్నానమునకు 100 లీటర్లు, గిన్నెలకు 30 లీటర్లు వాడినచో దినమునకు 130 లీటర్ల నీరు జలదారి వెంట పోవును. వేసవిలో చదరపు మీటరు కూరమడికి దినమునకు సుమారు 5 లీటర్లు పట్టును. కావున బావి నీరు లేని యింట కూడ 25 చదరపు మీటర్లు పచ్చగ నుండును. ఐదు ఆకుకూర మడులకు 15 పోగా, వంగకును బచ్చలికిని 10 మిగులును. వేసవిలో ఇంతకు మించి విత్తి అన్నిటిని ఎండబెట్టుకొనరాదు.

వాడిన నీటిని ఆకులపై పోయక మొదళ్లకు పారింపవలయును. పచ్చిగ తిను కొత్తిమీర వంటివానికి మంచినీరే పోయవలయును. బట్టల సోడా నీరు నేలను, అందును నల్లరేగడిని, బిగియజేయును గనుక దానిని మడులకు పారింపరాదు. జలదారి ప్రక్కన అరటి, చేమ పెంచవచ్చును. బొప్పాయి, మునగ నీరు నిలిచిన చోట చచ్చును. వానిని మెరకపై నాటవలయును.

ఎరువు, పురుగు

ప్రతి పంటకు ముందు చదరపు మీటరునకు రెండు, రెండున్నర కిలోల చివికిన పశువుల ఎరువు చాలును. పచ్చిపేడ వేసినచో చెదలు పట్టును. రెండు గుంతలు త్రవ్వి, ఒకటి నింపుచు రెండవదానిని చివుకనిచ్చినచో ఎరువునకు కొదువ యుండదు.

ప్రత్తికి తెచ్చిన పురుగుమందు మిగిలినదని పెరటికూరలపై కొట్టుట మిక్కిలి ప్రమాదము. ఆ కూర నాడో మరునాడో పిల్లల కంచములోనికి వచ్చును. అర కిలో వేపపప్పును దంచి, మూటగట్టి, రాత్రి నీటిలో నానవేసి, ఉదయము పిండి వడగట్టి, 10 లీటర్లు చేసి, సాయంకాలము చల్లవలయును. పురుగు పట్టిన ఆకులను ముందుగనే త్రుంచి వేయుట దీనికంటెను సులభము.

విత్తనము

మంచి కాయలన్నియు తిని, చివరి గిడస కాయలను విత్తనమునకు విడుచుట పొరపాటు. తెగులు లేని, బాగుగ కాయు మొక్కను ఎన్నుకొని, దారము కట్టి, దాని తొలికాపులోని రెండు మూడు కాయలను ముదురనీయవలయును. గింజలను నీడన ఆరబెట్టి, బూడిద కలిపి, గట్టి మూతగల డబ్బాలో దాచవలయును. సంకర విత్తనపు మొక్కల గింజ తల్లివలె కాయదు గనుక నాటు రకములనుండియే విత్తనము తీయవలయును.

పెరటిపని ఆడవారిదని తలచి యజమాని ఊరకుండరాదు. కంచె, పందిరి, ఎరువుగుంత అతడు కుదిర్చి ఈయవలసినవే. మడులకు ఒకటి మొదలు ఐదు వరకు సంఖ్యలు పెట్టి, ఏ మడి ఏనాడు విత్తిరో వంటయింటి గోడపై వ్రాసికొనుడు. రెండు గుంటలు ఒక్కసారి సాగుచేయలేనివారు ఈ వారమే ఒక్క మడితో ప్రారంభింపుడు. వచ్చు వారము రెండవది విత్తుడు.